ఎర్ర సున్నా

కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని, శాలువాకు పడ్డ కన్నం చుట్టూ ఆమె ఎర్రదారంతో సున్నా చుడుతోంది. రఫూ పనిలో అది ఆమె పద్ధతి. పని పూర్తయ్యాక కన్నం ఎక్కడుండేదో తనకే దొరకదు కనక ముందే గుర్తు పెట్టుకోవాలి. బట్ట తాలూకు మనిషి చూసి సరేనన్నాక దారం లాగేస్తుంది.

లాండ్రీ దుకాణం వెనకగదిలో నలభై ఏళ్లుగా అదే స్టూలు. పొట్టి మనిషి. వంగి వంగి ఎడమభుజం కిందికి జారింది. ఈ ఉదయం నుంచి అది కాస్త లాగుతోంది కూడా. చూపుడువేలి కొస కాయకాచి, సూది గుచ్చుకున్నా తెలియదు. అరవై రెండేళ్లు వచ్చినా ఇంటా బయటా ఆమె 'చిన్నది'. పెద్దది ఒకతె ఉంది కనక.

పెద్దది దేంట్లోనైనా ముందే. లెక్కల మాస్టారు చిన్నదాని పరీక్ష కాగితం మీద ఎర్రసిరాతో సున్నా చుట్టి, మీ అక్కకు వంద వేసిన చేత్తోనే ఇది వేయాల్సి వచ్చిందే అని తెగ బాధపడ్డారు. సున్నా కన్నా ఆయన బాధపడటమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

అక్కకు పొట్టివైపోయిన గౌన్లు, మోచేతుల దగ్గర చిరుగులతో సహా, ఆమెకు వచ్చేవి. వాటిని బాగుచేసుకుంటూనే రఫూ నేర్చుకుంది. ఇంటికొచ్చినవాళ్లకు అమ్మ, పెద్దది పువ్వులు కుట్టిన దిండుగలీబులు పరిచి చూపించేది. మరి చిన్నది ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే, "దాని పని కనపడదులెండి" అనేది. అందరూ నవ్వేవారు. చిన్నదీ నవ్వేది. తను తొడుక్కున్న గౌను ఎక్కడ చిరిగిందో అమ్మకు తెలియదు కదా అని.

ఈ శాలువా అక్కది. బూడిదరంగు ఉన్ని మీద ఎగిరిపోతున్న పదకొండు పిట్టలు. ఏడాదిన్నర కుట్టింది. పురపాలక భవనంలో అద్దాల పెట్టెలో పెడతామని అడిగారు. నాలుగింటికి మనిషి వస్తాడు. తీరా పొద్దున ఇంట్లో ట్రంకుపెట్టె తెరిస్తే, మొదటి పిట్టకూ మిగతావాటికీ మధ్య, బొటనవేలి గోరంత మేర చిమ్మటలు కొట్టేశాయి.

నలభై ఏళ్లలో అక్క ఈ గదిలోకి రావడం అదే మొదటిసారి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇక్కడ ఇంకో పిట్టను కుట్టేస్తే కప్పుకుపోతుందేమోనే."

"వద్దక్కా. ఆ ముందు పిట్ట ఒక్కటే పోతుంటేనే బాగుంది. అడ్డం పెట్టకు."

అక్క పని గురించి అక్కకు తను చెప్పడం కూడా అదే మొదటిసారి. పెద్దది శాలువా ఆమె చేతికిచ్చి వెళ్లింది.

చిన్నది శాలువా అంచుమడతలోంచి పోగులు లాగింది. పేరుకు బూడిదరంగే గాని, ఏడు పోగులకొకటి నీలిపోగు ఉంది. ఆ లెక్క తప్పకుండా ముందు పడుగు నిలబెట్టి, తర్వాత అడ్డంగా పేకను ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి పోనిచ్చింది. భోజనానికి లేవలేదు. మధ్యలో ఒకసారి భుజం రుద్దుకుని, శాలువా తిరగేసి చూసింది. పదకొండు పిట్టల వెనకవైపు ఒక్క ముడి లేదు. అమ్మ ఊరికే అందరికీ పరిచి చూపించేది కాదు, అనుకుంది. మా అక్క, అనుకుంది.

మూడున్నరకు పెద్దది వచ్చింది. సున్నాలోకి చూసింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. తిరగేసి వేలితో తడిమింది.

"కన్నం ఇందులోనేనా?"

"అందులోనే."

"ఏమీ లేదేమే ఇందులో."

"కనపడదక్కా," అంది చిన్నది. మాట అమ్మదే. తల మాత్రం ఎత్తి అంది.

పెద్దది, "నా వల్ల కాదే ఇది. ఎన్నేళ్లు కూర్చున్నా కాదు," అంది.

చిన్నది కత్తెర అందుకుంది. "సున్నా తీసెయ్యనా?"

"ఉండు. వెలుతురులో ఇంకోసారి చూసుకోనీ."

శాలువా పట్టుకుని పెద్దది ముందుగదిలోకి వెళ్లింది. కన్నం ఎక్కడుందో చెప్పమని దుకాణం యజమానిని నిలదీయడం, ఆయన సున్నా చూపించి, దాని లోపల వెతికి వెతికి చేతులెత్తేయడం వెనకగదిలోకి వినిపిస్తూనే ఉంది. చివరికి అక్క గొంతు గట్టిగా వినిపించింది. "మా చెల్లెలండీ."

చిన్నది తల గోడకు ఆనించింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి అలాగే ఉంది. కత్తెర ఒళ్లో ఉంది, వేళ్లు ఇంకా దాని రింగుల్లోనే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. డాక్టరు వచ్చి గుండె అన్నాడు.

శాలువా వారం ఆలస్యంగా అద్దాల పెట్టెలోకి వెళ్లింది. అక్కడి గుమస్తా, దారం ఏదో మిగిలిపోయిందని కత్తెర తెచ్చాడు. పెద్దది అతని చెయ్యి పట్టుకుంది.

"ముట్టుకోకు బాబూ. పిట్టలన్నీ నావి. అది మా చెల్లిది."

పదకొండు పిట్టల నడుమ ఆ ఎర్రదారం సున్నా ఇప్పటికీ ఉంది. అద్దానికి ముక్కు ఆనించి చూసినా, దాని లోపల బూడిదరంగు ఆకాశమే తప్ప ఇంకేమీ కనపడదు.