ఉప్పు జాడీలో బియ్యం

మా అత్తగారు ఆకాశాన్ని నమ్మరు, ఉప్పును నమ్ముతారు. మాది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ. మేడ మెట్ల కిటికీలో మూతలేని ఉప్పు జాడీ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. పొద్దున్నే ఆవిడ చిటికెడు తీసి వేళ్ళ మధ్య రాల్చి చూస్తారు. పొడిగా రాలితే దుప్పట్లు మేడ మీద తాళ్ళకి, వేళ్ళకి అంటుకుంటే కింద ఫ్యాన్ల గదికి.

చేతిలో ఫోనుండగా ఇదేం చాదస్తమని కొత్తలో ముక్కు విరిచేదాన్ని. కానీ సముద్రం పక్కన ఇంత పెద్ద ఊరికి ఫోను చెప్పేది ఒకే మాట. వానేమో రేవు దగ్గర కుండపోతగా కురిసి, మా వీధిలో చుక్క కూడా రాల్చదు. ఉప్పు మా మేడ సంగతే చెబుతుంది.

పెళ్ళైన మూడో నెలలో కాళ్ళరిగేలా తిరిగి ఒక పిల్లల ఆసుపత్రి పని తెచ్చాను. మొదటి విడత ఎనభై దుప్పట్లు. మర్నాడు పదింటికి వాళ్ళ కొత్త వార్డు తెరుస్తారు. ఆలోగా అందకపోతే పని ఇంకొకరికి పోతుంది, నేను తెచ్చిన పని నిలబడలేదన్న మాట నాకు మిగులుతుంది.

ఎండాకాలం చివరి రోజులు. ఒళ్ళంతా జిడ్డు. అత్తగారు ఉప్పు తీస్తే ఇసుకలా రాలింది. ఇంత చెమట పడుతుంటే దీనికేమీ పట్టనట్టుందే అని గొణుక్కుని, సరే మేడ మీదికే అన్నారు. మధ్యాహ్నం రెండింటికి సముద్రపు గాలి మబ్బుని వెంటేసుకొచ్చింది. మేం మెట్లెక్కేలోపే కుమ్మరించింది. తాళ్ళు తెగి దుప్పట్లన్నీ మేడ మీది బురదలో పడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఉప్పు చెమ్మగిల్లుతోందని జాలిపడి, వారం క్రితం ఆ జాడీ అడుగున గుప్పెడు బియ్యం వేసింది నేనే. చెమ్మని బియ్యం పీల్చేస్తుందని పుట్టింట్లో ఉప్పులో అలాగే వేసేవాళ్ళం. మామూలుగా ఒకటంటే నాలుగనే దాన్ని, ఆ రోజు తలొంచుకుని బురదలోంచి దుప్పట్లు ఏరాను.

వాన వెలిశాక అత్తగారు కిటికీ దగ్గర కాసేపు మాకు వీపు తిప్పి నిలబడ్డారు. మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఇంకా ఆ ఉప్పేనా అమ్మా, రేపే దాన్ని చెత్తబుట్టలో పడేస్తానన్నాడు.

"ముసలిదాన్నయ్యాను నాయనా. వేళ్ళకి తెలీడం లేదు," అన్నారావిడ.

అన్నీ మళ్ళీ ఉతికించారు. వాన వెలిసిన మర్నాడు తెల్లారి నేల మీంచి పొడిగాలి వస్తుందని, తొమ్మిదింటికి సముద్రం నిద్రలేచేలోపు తీసేయాలని చెప్పారు. అలాగే వచ్చింది ఆ గాలి. ఎనిమిదిన్నరకల్లా దుప్పట్లు ఫెళఫెళలాడాయి. తొమ్మిదిన్నరకి ఆసుపత్రిలో దింపాను. అక్కడి పెద్ద నర్సు ఒకటి చెంపకి ఆనించుకుని చూసి, వచ్చే వారం కూడా పంపమంది.

ఇంటికి రాగానే అత్తగారి దగ్గర కూలబడ్డాను.

"అత్తయ్యా, జాడీలో బియ్యం వేసింది నేను."

"తెలుసు. నిన్ననే వంచి చూశాగా."

"మరి తప్పు మీ మీదేసుకున్నారేం?"

"నువ్వు తెచ్చిన మొదటి పనే. ఇప్పుడు పేరు పోతే మళ్ళీ రాదు. నాది నలభై ఏళ్ళ పేరు, ఒక్క వానకి కొట్టుకుపోదులే."

నన్ను కన్నవాళ్ళు కూడా నా కోసం అంత పెద్ద అబద్ధం ఆడలేదు. ఏడుపాగలేదు. భోజనాల దగ్గర మా ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పేశాను, తప్పు ఆవిడ వేళ్ళది కాదు, నా అతితెలివిదని. అతను ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు.

"ముచ్చటపడి ఒక్క అబద్ధమాడితే అదీ ఉండనివ్వదు ఈ పిల్ల," అని అత్తగారు విసుక్కున్నారు.

ఆ సాయంత్రం జాడీ వొళ్ళో పెట్టుకుని, బియ్యం గింజలు ఒక్కొక్కటే ఏరాను. ఆవిడ పక్కనే కూర్చుని, ఇంకా ఒకటుంది చూడు, అదిగో అక్కడ ఇంకోటి అంటూ చూపించారు. వేళ్ళకి తెలియని ముసలావిడ కళ్ళు అవి. చివరి గింజ తీశాక జాడీని తను అందుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు. రేపట్నుంచి ఉప్పు నువ్వు చూద్దువుగాని."