రెండు గొంగళ్ల సినిమా

సాయంత్రం ఐదయింది. ఎండ ఇంకా తగ్గలేదు, గాలి లేదు. కోదాడ రైసుమిల్లు కల్లంలో ఉడకబెట్టిన వడ్లను కాళ్లతో ఆఖరిసారి తిరగేసి ఉప్పలమ్మ ఇల్లు చేరింది. అరికాళ్లు మండుతున్నాయి. భర్త వెంకన్న మిర్యాలగూడ మిల్లులో హమాలీ, ఆదివారం తప్ప ఇంట్లో కనబడడు. వాకిట్లో అత్త పిచ్చమ్మ అప్పటికే గొంగళ్లు దులుపుతోంది.

ఊరి చివర డేరా టాకీసులో సినిమాలో వాన పడితే నేల మీద కూచున్నవాళ్లు తడుస్తారు. డేరా వేసిన నాటి నుంచీ అంతే. తెర ముందు జల్లు గట్టిగా కొడుతుంది, బెంచీల దగ్గరికి వచ్చేసరికి తుంపర, వెనక కుర్చీల్లో, మిషను గది దగ్గర చుక్క పడదు. అందుకే నేల టికెట్టు వాళ్లు గొంగడి తెచ్చుకుంటారు. చిలుకూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లయితే వాన ఉందో లేదో కనుక్కున్నాకే ఎడ్లను విప్పుతారు.

పిచ్చమ్మ ఏ సినిమానూ వదిలేది కాదు. చూసి ఊరుకునేదీ కాదు. వాన చిన్నదైతే అది ఒక గొంగడి సినిమా, పెద్దదైతే రెండు గొంగళ్ల సినిమా, అసలు లేకపోతే ఎండ సినిమా. హీరో ఏడిస్తే పడిశం పట్టినట్టుందనేది. కొట్లాటలో గడ్డివాము కూలితే ఆ గడ్డి మళ్లీ ఎవడు వేస్తాడని అడిగేది. పంచాయతి రేడియో ఆమెకు నచ్చదు, అది చెప్పడమే గాని ఎదుటివాళ్లది వినదట. ఇక రేడియోకే బొమ్మలొస్తాయట, ఇంట్లో కూచునే చూడొచ్చట అని పెద్ద మనవరాలు కౌసల్య చెప్పిననాడు మాత్రం పొయ్యి వైపు చూసింది.

"ఇంట్ల వాన కురిస్తే పొయ్యి ఆరదా? కూడెట్ల వండుతరే?"

ఇవన్నీ పొద్దున్నే పొయ్యి ముట్టిస్తూ ఉప్పలమ్మ వినాలి. ఊఁ కొట్టేది. అంతకుమించి ఆమెకు ఓపిక లేదు.

పన్నెండు రోజులుగా ఆడుతున్నది రెండు గొంగళ్ల సినిమా. కాకపోతే వాన ఆఖరి రీలులో. జనమంతా నీళ్లోడుతూ ఇళ్లకు పోవాలి. తడిసిన గొంగడి ఎంత బరువో పిండేవాళ్లకే తెలుసు, ఆ పిండటం ఉప్పలమ్మ వంతు. పిచ్చమ్మ ఈ సంగతి మీద మిషను నడిపే దానియేలుతో రోజూ పంచాయితీ పెట్టేది.

"వాన సివర్న వెట్టినోడు సంసారం జేసినోడు గాదు దానియేలూ. ముందుగాల తడిపి, ఎనక నవ్వు రీళ్లేసి ఆరవెట్టాలె."

"మరి కథ తెల్వద్దా పెద్దమ్మా?"

"పన్నెండు దినాల సంది అదే కథ. ఎవలికి తెల్వదు?"

ఉప్పలమ్మ భయమంతా చిన్నది రంగి గురించి. ఏడేళ్ల పిల్ల. ఈ ఎండాకాలం మొదట్లో దగ్గు ముదిరి సూర్యాపేట దవాఖానలో తొమ్మిది రోజులుంది. తడవనీయొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ తొమ్మిది రోజుల నుంచి ఉప్పలమ్మకు నిద్ర సరిగ్గా లేదు. పోనీ సినిమాకు పంపకుండా ఉంచుదామంటే ఏడ్చి ఏడ్చి ఇంకా దగ్గుతుంది.

"అత్తా, రంగి తడవొద్దు. మిషను కాడ కూసోవెట్టు. గాడ వెచ్చగుంటది."

రోజూ చెప్పే మాటే. మిషను గది గోడ పక్కన దానియేలు రంగికోసం చిన్న పీట వేసేవాడు. ఆఖరి వాన మొదలవగానే ఆట అయిపోయినట్టని, అప్పుడు లేచి నాయనమ్మ దగ్గరికి రావాలని రంగికి తెలుసు. అది మెల్లగా నడిచొచ్చేసరికి జల్లు ఆగిపోయేది.

అత్త, పిల్లలిద్దరూ మొదటి ఆటకు వెళ్లారు. ఉప్పలమ్మ కాళ్లు కడుక్కుని అన్నం వండింది. గంజి వారుస్తుంటే అరుపులు వినబడ్డాయి. వాకిట్లోకి వచ్చి చూస్తే పొద్దు గూకిన దిక్కున కాక ఊరి చివర ఆకాశం ఎర్రగా ఉంది. ఎవరో పరుగెత్తుతూ చెప్పారు, టాకీసు కాలుతోందని, మిషను దగ్గర అంటుకుందని.

మిషను కాడ. గాడ వెచ్చగుంటది.

తలుపు వేయకుండానే పరుగెత్తింది.

డేరా వెనక సగం బూడిద. కుర్చీలు ఇంకా పొగలు కక్కుతున్నాయి. ముందు సగం గుడ్డ కాలలేదు, ఆవిరి మాత్రం లేస్తోంది. మిషను గోడ పక్కన పీట ఉంది. పీట కాలొకటి బొగ్గయింది. ఉప్పలమ్మ దాని ముందు నిలబడిపోయింది. వాన పడ్డ చోట ఇసుక నాని డేరా మేకులు చేతితోనే ఊడొచ్చాయని, నేలవాళ్లూ బెంచీలవాళ్లూ డేరా గుడ్డ కింది నుంచి బయటపడ్డారని గేటు దగ్గరి మనిషి చెప్పాడు.

"మిషను కాడోళ్లు?" అని అడిగింది.

అతనికి తెలియదు. ఇంటికి పోయి చూసుకోమన్నాడు. వచ్చేటప్పుడు ఆమె పరుగెత్తలేకపోయింది. ఇల్లు చేరితే తెలిసిపోతుంది.

గడపలో తడి అడుగులున్నాయి.

కౌసల్య జుట్టు పిండుకుంటోంది. రంగి గొంగడిలో వణుకుతోంది. ఇంకో గొంగడి దానియేలు మీద ఉంది, కాలిన చేతిని దాని కొసలో చుట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ముసలామె నోరు పడలేక ఇవాళ ఆఖరి రీలును మధ్యలోనే, ఆరోదిగా వేశాడట. ఆ తర్వాతి రీలుకే మంట అంటుకుందట. అందరూ బయటకు ఉరుకుతుంటే పిచ్చమ్మ తడి గొంగడి కప్పుకుని లోపలికి పోయి అతన్ని లాక్కొచ్చిందట. ఇదంతా కౌసల్య జుట్టు పిండుకుంటూనే చెప్పింది.

"వాన వడ్డది గదా, సినిమా అయిపోయిందనుకున్న. నాయనమ్మ కాడికి ఉరికిన," అంది రంగి తల దించుకుని. "తడిసిన అమ్మా."

ఉప్పలమ్మ కోప్పడలేదు. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టింది. నీళ్లు కారుతున్నాయి. ఆ చెయ్యి అట్లాగే ఉంచి, రెండో చేత్తో కౌసల్యను తాకింది, అత్తను తాకింది. అందరూ తడే.

పిచ్చమ్మ దానియేలు వైపు గడ్డం ఎత్తి, "వీన్ని గూడ లెక్కవెట్టు," అంది.

ఉప్పలమ్మ దానియేలు భుజం మీది గొంగడిని తాకింది. నలుగురు.

రంగి దగ్గింది. ఉప్పలమ్మ మళ్లీ దానితోనే మొదలుపెట్టి లెక్కపెట్టింది.