గడువు దాటిన ట్యాంకు

మా ఆయన గ్యాస్ నింపే కేంద్రంలో మేనేజరుగా పనిచేసి పోయిన నెలలో రిటైరయ్యారు. తోటివాళ్లు కానుకగా, ఆరుబయట మాంసం కాల్చుకునే పెద్ద గ్యాస్ గ్రిల్ ఇచ్చారు. ఇంట్లో ఏనాడూ పొయ్యి వెలిగించని మనిషికి పొయ్యి కానుకేమిటో నాకు అర్థం కాలేదు. ఆయన మాత్రం ఉబ్బితబ్బిబ్బై, ఆదివారం అందరినీ భోజనానికి పిలిచేశారు.

ఆ అందరిలో కంగారు కూడా ఉన్నాడు. ఆయన కింద పనిచేసినవాడే; అసలు పేరు ఏదైనా, మా ఆయన పెట్టిన పేరు అదే. కేంద్రం ఇప్పుడు అతని చేతిలో ఉంది. ఏళ్ల తరబడి మా ఇంట్లో భోజనాల దగ్గర కూర మారేది గానీ, కంగారు మీద ఫిర్యాదు మారేది కాదు. "వాడి చేతిలో పెడితే అంతా గాల్లోకి లేస్తుంది" అంటూ రిటైర్మెంటు కూడా ఓసారి వాయిదా వేయించుకున్నారు. తను లేకపోతే అక్కడ పని నడవదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం పోతే మనిషి ఏమైపోతారోనని నా బెంగ.

గ్రిల్‌కి గ్యాస్ కావాలని శనివారం షెడ్డులోంచి పాత గ్యాస్ ట్యాంకు తీశారు. కారులో నిలువుగా పెట్టి, దొర్లకుండా తాడు కట్టి, అద్దాలు దించారు. దారంతా నాకు పాఠమే.

"అంచుదాకా నింపకూడదు. ఎండకి పొంగుతుంది. ఎనభై శాతం దగ్గర ఆపాలి. ఆ కంగారుగాడు ఎక్కడ ఆపుతాడో చూద్దాం."

అంటే మేం వెళ్తున్నది గ్యాస్ కోసం కాదు, తనిఖీకి.

కంగారు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఇంజను ఆపామో లేదో చూసుకుని, ట్యాంకు మెడ దగ్గరి తుప్పు గుడ్డతో తుడిచి, అక్కడ కొట్టిన తేదీ చదివాడు.

"సార్, దీని గడువు దాటిపోయింది. మళ్లీ పరీక్ష చేయించాలి. నింపలేను."

మా ఆయన మొహం కందగడ్డలా అయింది. "నిక్షేపంలా ఉంది. నేను చెప్తున్నాగా, నింపు."

"కుదరదు సార్."

"నేనెవరో తెలుసా నీకు?"

నేను నవ్వు రాకుండా నోరు నొక్కుకున్నాను. కొనడానికొచ్చినవాళ్లు ఎవరైనా ఆ మాట అంటే, ఆయన ఇంటికొచ్చి వాళ్లలాగే అని చూపించేవారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం.

"ఆ మాట అన్నవాళ్ల ట్యాంకు రెండుసార్లు చూడమని మీరే చెప్పారు కదా సార్," అని కంగారు మళ్లీ వంగి తేదీ చూశాడు. "ఇప్పుడు కూడా దాటిపోయే ఉంది."

పాతది పక్కన పెట్టించి, కొత్త ట్యాంకు తెచ్చి నింపడం మొదలుపెట్టాడు. మా ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఒక్క తప్పు దొరికితే చాలన్నట్టు కాచుకుని ఉన్నారు. ఎనభై శాతం నిండిందని చెప్పే చిన్న మరలోంచి గ్యాస్ తెల్లగా చిమ్మీ చిమ్మకముందే కంగారు చేయి వాల్వు మీద పడింది. తప్పు దొరకలేదు.

ఆదివారం అందరూ వచ్చారు. మా ఆయన గ్రిల్‌ని గోడకి దూరంగా లాగి, రెగ్యులేటర్ బిగించి, వాల్వు తిప్పి, గ్యాస్ కారుతోందేమోనని గొట్టం అతుకుల మీద సబ్బునీళ్లు పూశారు. ఒక్క బుడగా లేవలేదు. మూత తెరిచి వెలిగించబోతుంటే, "ఒక్క నిమిషం సార్" అంటూ కంగారు సబ్బునీళ్ల గిన్నె అందుకుని మళ్లీ పూశాడు. ఇక అరుస్తారనుకున్నాను. అరవలేదు. చేతులు కట్టుకుని పక్కకి జరిగి నిలబడ్డారు.

"ఇప్పుడు వెలిగించండి సార్."

మాంసం మాడి బొగ్గయింది. అయినా అందరూ తిన్నారు, పాపం మర్యాదస్తులు.

మర్నాడు భోజనం దగ్గర కంగారు ఊసే లేదు. నేనే ఉండబట్టలేక అడిగాను. "ఏమండీ, ఈరోజు అతని మీద ఏమీ లేదా?"

"ఏముంది చెప్పడానికి? బాగానే చేస్తున్నాడు," అని కంచంలోకి చూస్తూ కూర్చుండిపోయారు. ఆయన రిటైరయింది పోయిన నెలలో కాదు, ఇప్పుడు.

పొద్దున లేచి కాఫీ పెడదామని వెళ్తే, వంటింట్లో నా పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు. చేతిలో సబ్బునీళ్ల గిన్నె.

"ఒక్క నిమిషం ఆగు. చూడకుండా వెలిగించకు."

ఇన్నేళ్లుగా రోజూ వెలిగిస్తున్నది నేనే. ఆ పొయ్యికి ఏ లోపమూ లేదని నాకు తెలుసు. అయినా ఆగాను.