కొత్త రాయి మీద బొంగుచికెన్

"ఇక్కడ పాటియో ఉందా?" అని గూడెం దగ్గర కారు దిగి బిందుమాధవి అడిగితే, "పాటా? కొత్త పండగనాడే పాడతాం" అంది ఆ ఇంటి సోములమ్మ.

హుకుంపేట నుంచి అరకు దాకా ఆరుబయట కూర్చుని తినే చోటు దొరక్క, బిందుమాధవికి కడుపుతో పాటు మొహమూ మాడింది. సోములమ్మ నీళ్లకెళ్లగానే, పెరట్లో అలికిన అరుగు మీద పలకరాయి కనబడింది.

"దేవుడిచ్చిన డైనింగ్ టేబుల్!" అంటూ భర్త శివప్రసాద్ దారిలో కొన్న బొంగుచికెన్ దానిమీదే విప్పాడు.

తిరిగొచ్చిన సోములమ్మ బిందె వదిలేసింది.

"అది మా దేవత, బాబూ! కొత్త సామలు ముందు ఆ తల్లికెట్టి, ఆపైనే గూడెమంతా తినాల. రేపే కొత్త పండగ. ఎంగిలి సేసీసినారు. పూజారొచ్చి శుద్ధి సేసీదాకా కొత్త గింజ పొయ్యెక్కదు. పాతవా, అయిపోనాయి."

"సారీ అమ్మా, బల్ల అనుకున్నాం" అన్నాడు శివప్రసాద్, మూతి తుడుచుకుంటూ.

కారు కదిలాక గూడెం జనం పోగయ్యారు. సోములమ్మ అందరికీ చెప్పింది: "బల్లనుకున్నారంట."

గూడెంలో కొత్త, తినకముందే పాతబడింది.