జాకీకి బొట్టు

దసరాకి మా ఇంట్లో జాకీకి కూడా బొట్టు పెడతారు. మా ఆయన అర్జునరావు స్టీల్ ప్లాంటులో క్రేన్లు మరమ్మతు చేస్తాడు. అంచేత ఆయుధపూజ అంటే మల్కాపురంలో మా వాటా అంతా పెళ్లి ఇల్లే. పానాలు, సుత్తులు, కారు, కారు డిక్కీలోని జాకీ, అన్నీ శుభ్రం చేసి చాప మీద వరసగా పేర్చాలి. ఆ శుభ్రం చేయడం నా పని. కిరసనాయిలు గుడ్డతో మురికి వదిలించి, సబ్బుతో తోమి, తుప్పు పట్టకుండా మళ్లీ నూనె రాస్తాను. గోళ్లలో గ్రీజు ఎన్నాళ్లైనా పోదు, ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటాను. బొట్టు పెట్టడం మాత్రం నా పని కాదు. పెళ్లయిన కొత్తలో నేనే పెట్టేదాన్ని. తర్వాత ఒక ఏడు కుంకుమ భరిణె అందుకుంటే మా అత్త జోగమ్మ చేతిలోంచి లాగేసుకుంది.

"కడుపు నిలవని సెయ్యి. శుభమా అని పూజ సేసుకుంతంటే నీకెందుకే? అవతలికెల్లు."

ఈ ఏడు బొట్లు పెట్టింది మా తోటికోడలు సాయిదుర్గ. మా మరిది భార్య. ఐదో నెల. జాకీని ఒళ్లో పిల్లాడిలా పట్టుకుని దాని తలకి పసుపు ముద్ద దండిగా పూసి, "అక్కా, దీనికి మొకం ఎటేపు?" అని నవ్వింది. ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు.

జాకీ మొహం ఎటువైపో నాకు బాగా తెలుసు. కారు కొన్న ఏడాది అనకాపల్లిలో ఎవరిదో పెళ్లికి నేనూ ఆయనా బయల్దేరాం. అప్పుడు నాకు మూడో నెల. దారిలో వెనక టైరు పంచరైంది. ఆయనది తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా. నాదీ పట్టుచీరే, కానీ దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. "నా బట్టలు మాసిపోతాయి. నాను సెప్తాను, నువ్వు సెయ్యి" అన్నాడు. చెప్పడం ఆయనకి వచ్చిన విద్య. ప్లాంటులో భద్రతా వారోత్సవాలకి నినాదం రాసి ప్రెషరు కుక్కరు గెలుచుకొచ్చిన మనిషి. ఆ కుక్కర్లోనే ఇప్పటికీ పప్పు వండుతున్నాను.

"హ్యాండ్ బ్రేకెయ్యి. ఎదర సక్రానికి రాయెట్టు. నట్లు ముందే ఒదులు సెయ్యాల, బండి లేపినాక కాదు. తలుపు కింద అంచుకి రెండు గాట్లున్నాయి, సూడు. ఆ రెండింటి మజ్జే జాకీ తల మీది గాడి కూకోవాల. పక్కకి జరిగిందా, రేకు సొట్ట పడిపోద్ది. అక్కడ రేకు బరువాపదు. గాడిలో ట్యూబు ముక్కెట్టు, రంగు గీసుకోకుండా. బాడీకి గీత పడిందంటే మరి సూడు!"

నట్లు ఊడలేదు. పానా మీద ఎక్కి తొక్కమన్నాడు. తొక్కాను. గెంతమన్నాడు. కారు పైకప్పు పట్టుకుని, పట్టుచీర మోకాళ్ల దాకా ఎగదోపి, రోడ్డు మీద లారీల వాళ్లు చూస్తుండగా గెంతాను. స్టెప్నీ మోసుకొచ్చాను, పాత టైరు డిక్కీలోకి ఎత్తాను. కారుకి ఒక్క గీత పడలేదు. పెళ్లింట్లో ఆయన కూల్‌డ్రింకు పుచ్చుకుని, "సిటికెలో మార్చీసినాను బావా, బాడీకి దెబ్బ తగల్నిస్తానేటి" అంటుంటే నేను పక్కనే నిలబడి చేతుల మసి పమిటలో దాచుకున్నాను. రేకు ఎక్కడ బరువాపుతుందో, ఎక్కడ ఆపదో అంత తెలిసిన మనిషికి నా సంగతి తెలియలేదా అని ఎన్నోసార్లు అనుకున్నాను. తెలుసు. అందుకే ఆ రాత్రి కడుపు పోయి ఆస్పత్రికెళ్తే డాక్టరమ్మ "బరువులేమైనా ఎత్తావా?" అని నన్ను అడిగితే నాకంటే ముందు ఆయనే జవాబు చెప్పాడు.

"ఇంట్లో బరువులేటుంతాయి డాక్టరు గారూ? అన్నీ మా అమ్మే సూసుకుంతాది."

బయటికొచ్చాక నా చెవి దగ్గర, "అమ్మకి సెప్పకు, తట్టుకోలేదు" అన్నాడు. మా అత్త తట్టుకోవడానికి వేరే దారి వెతుక్కుంది. ఎదురింటి వాళ్లిచ్చిన బొప్పాయి ముక్క నేను దొంగతనంగా తినేశానంది. వీధికంతా చెప్పింది, చుట్టాలకి చెప్పింది, సాయిదుర్గ కాపురానికొచ్చిన వారంలోనే దానికీ చెప్పింది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆయన పేపరు చదువుకునేవాడు. కారు సీటు మీద మరక నేనే ఉతికాను. ఆ తర్వాత నాకు మళ్లీ నెల తప్పలేదు.

పూజ చేసిన బండిని అదే పూట సింహాచలం తీసుకెళ్లాలని మా అత్త పట్టు. మరిది షిఫ్టులో ఉన్నాడు. మేం నలుగురం నిమ్మకాయలు తొక్కించి బయల్దేరాం. కొండ ఇంకా రాకముందే వెనక టైరు దిగిపోయింది.

"కామేశ్వరీ, దిగు" అన్నాడు మా ఆయన. "నా నడుం సంగతి తెలుసు కదా." ఈసారీ తెల్ల ప్యాంటే.

బ్రేకు వేశాను, రాయి పెట్టాను, జాకీ తీశాను. గాడి నిండా సాయిదుర్గ పూసిన పసుపు, ఇంకా తడిగానే ఉంది. అలాగే పెడితే అంచు జారుతుంది. పమిట చెంగుతో పసుపూ బొట్టూ కలిపి శుభ్రంగా తుడిచేశాను.

"ఒలే! పూజ సేసిన బొట్టు తుడిసేత్తన్నావేటి?" కారులోంచి మా అత్త అరిచింది. "అసలే నీ సెయ్యి..."

"జారిపోద్ది అత్తా" అన్నాను.

నట్లన్నీ వదులయ్యాయి, ఒక్కటి తప్ప. పానా మీద నిలబడినా కదలలేదు. మా ఆయన రోడ్డుకి అటూ ఇటూ చూసి, కారులోకి వంగి, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అన్నాడు.

"సాయిదుర్గా, నువ్వూ దిగమ్మా. ఇద్దరూ ఎక్కి గెంతితే బేగి ఒదిలేత్తాది."

బావగారి మాట ఎలా కాదంటుంది? దిగింది. కుచ్చిళ్లు ఎగదోపి, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, రెండోది కడుపు కింద పెట్టుకుని, పానా మీదకి కాలెత్తింది. నట్టుకి తగిలించిన పానా ఊడలాగేశాను. ఆ పిల్ల తూలబోతే పట్టుకున్నాను.

"ఎల్లి కూకో" అన్నాను దానితో. పానా ఆయన ముందుకి చాపాను. "మీరు తొక్కండి."

"పిచ్చేటి నీకు? బట్టలు..."

"ఒక్కపాలి తొక్కితే ఏటైపోద్దే?" మా అత్త కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "అది సేత్తానంతంటే మజ్జిన నీకేటి? దానికి నిలిసింది, నీకు నిలవలేదని ఏడుపా?"

"కామేశ్వరీ" అన్నాడు ఆయన, చాలా మెల్లగా. ఆ గొంతులో బతిమాలడం నేనెప్పుడూ వినలేదు. ఇన్నేళ్లూ దాచింది ఎవరి కోసమో అప్పుడు అర్థమైంది. ఆయన తల్లి కోసం కాదు.

"అత్తా, నాను బొప్పాయి తినలేదు" అన్నాను. "అనకాపల్లి దార్లో ఈ పానా మీదే గెంతినాను. గెంతమన్నది నీ కొడుకే."

సాయిదుర్గ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని వెనక్కి జరిగింది. మా అత్త పానా వంక చూసింది, సాయిదుర్గ కడుపు వంక చూసింది, చివరికి కొడుకు వంక తిరిగింది.

"ఏరా?" అంది.

మా ఆయన తెల్ల ప్యాంటుతో మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, తలుపు కింద అంచుని వేలితో తడుముతూ, ఎక్కడైనా గీత పడిందేమో చూస్తున్నాడు.