ఆ పేజీలో పడని ప్రకటన

గోరంత ఇచ్చి కొండంత శిలాఫలకం వేయించుకునే దాతలే లోకంలో ఎక్కువ. పెద్దాయన ఆ కోవ మనిషి కాదు. నలభై ఏళ్లు పత్రిక నడిపి, దాన్ని అమ్మేసి ఇంటిపట్టున కూర్చున్నాక ఆయన చేసే దానం ఒక్కటే. ఇంట్లో మనిషి తప్పిపోయి, పేపర్లో వేయించుకునే స్తోమత లేనివాళ్ల ‘కనబడుటలేదు’ ప్రకటన ఆయన ఖర్చుతో పడుతుంది. తన పేరు బయటికి రాకూడదన్నది షరతు.

ఆ ప్రకటనలు రాసుకునేది కౌంటరమ్మ. పత్రికాఫీసు కింది అంతస్తులో అద్దం వెనక ముప్పై ఏళ్లుగా కూర్చున్న గుమాస్తా. ఎత్తు, రంగు, ఒంటిమీది బట్టలు, పుట్టుమచ్చలు. ఏడుస్తూ వచ్చినవాళ్ల చేత కూడా ఇవన్నీ ఓపిగ్గా చెప్పించుకోవడంలో ఆమెది అందె వేసిన చేయి. ఎవరైనా దొరికారని తెలిస్తే పెద్దాయనకు ఫోన్ చేసేది. ఆయన "మంచిదమ్మా" అని పెట్టేసేవాడు.

ఈ దానం మీద ఆయనకు అంత పట్టు ఎందుకో ఆమెకు తెలుసు. పద్దెనిమిదేళ్ల కిందట ఆయన ఒక్కగానొక్క కూతురు, అదే పత్రికలో ప్రూఫులు దిద్దే కుర్రాణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండా తల్లి, కూతురి ఫొటో పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. "ఎక్కడున్నా ఇంటికి రా, నాన్న ఏమీ అనరు" అని ఆమె చెబుతుంటే కౌంటరమ్మే రాసింది. సాయంత్రం పెద్దాయన పై అంతస్తు నుంచి దిగి వచ్చాడు.

"పేపరు యజమాని కూతురు ఆ పేజీలోనా? కడుపు చించుకుంటే కాళ్లమీదే పడుతుంది. తీసెయ్."

ఉద్యోగం పోతుందన్న భయంతో ఆమె తీసేసింది. కూతుర్ని మళ్లీ చూడకుండానే ఆ తల్లి కన్నుమూసింది.

ఈమధ్య డాక్టరు గుండె సంగతి చెప్పాక, పెద్దాయన కర్ర పట్టుకుని తనే కౌంటర్ ముందుకు వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కానీ ఆ ముఖం చూసి ఆ మాట ఎవరనగలరు?

"వయసు ఎంతని రాయమంటారండీ?"

ఆయన వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. "నలభై ఒకటి. ఫొటో మాత్రం అప్పటిదే ఉందమ్మా."

ప్రకటన పడిన పదో రోజున, జుట్టు నెరిసిన మనిషి ఒకడు కౌంటర్ దగ్గరికి వచ్చాడు. ఆ ప్రూఫులబ్బాయే. గొంతు విని కౌంటరమ్మ గుర్తుపట్టింది.

"తను పోయి రెండేళ్లయిందక్కా" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "పెళ్లైన కొత్తలో పొద్దున్నే పేపరు తెప్పించి ముందు ఆ పేజీయే తీసేది. మా నాన్న తప్పకుండా వేయిస్తాడు, వేసిన రోజే వెళ్దాం అనేది. నాలుగేళ్లు చూసిందక్కా. ఆ తర్వాత పేపరు మానిపించేసింది."

ఆ సాయంత్రమే కౌంటరమ్మ పెద్దాయన ఇంటికి వెళ్లి, కూతురు లేదన్న మాట ఎలాగో చెప్పింది. ఆయన మెల్లగా అడిగాడు.

"మన పేపరు చదివేదటా? అతన్నేమైనా అడిగావా?"

"అడిగానండీ. ఇక్కణ్ణుంచి వెళ్లాక పేపరు మొహమే చూడలేదట. పక్కింటివాళ్లు చూపిస్తే అతను వచ్చాడు."

"అయితే అప్పుడు వేసినా చూసుండేది కాదు."

"చూసుండేది కాదండీ."

ఆయన బిగబట్టిన ఊపిరి వదిలాడు. అప్పుడొచ్చింది ఏడుపు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కౌంటరమ్మ మంచినీళ్ల గ్లాసు అందించి, ఆయన తేరుకునేదాకా పక్కనే కూర్చుంది.

ఇంటికి నడిచి వెళ్తుంటే, తన చేత్తో ఆ ప్రకటన తీసేసిన సాయంత్రం ఆమెకు గుర్తొచ్చింది. వేసినా చూసుండేది కాదని ఆయనకు చెప్పడానికి తనుంది. తనకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.