పదింటికి వేసిన ఉత్తరం

పుస్తకాల బైండింగు చేసే కోడలికి ఏ విషయమైనా నాలుగు రోజులు నాననిస్తే గాని మనసు కుదరదు. అత్తగారిది పూర్తిగా వేరే లెక్క. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసిన మనిషి, రాసిన ఉత్తరం పూట దాటి ఇంట్లో కనిపిస్తే ఆవిడకి అన్నం సయించదు. ఈ ఇద్దరినీ ఒక గూటికి చేర్చిన దేవుడికి వేళాకోళం బాగా తెలుసు.

పనికి చోటు లేక కోడలు వంటింటి గట్టు మీదే పుస్తకాలు కుట్టేది. నూనె చింది అట్టల మీద మరకలు పడేవి, తెచ్చినవాళ్లు మొహం మాడ్చుకునేవాళ్లు. ఇక పని మానుకోవడమే అనుకుంటుండగా, ఆమెకు ఆ పని నేర్పిన పెద్దాయన ఉత్తరం రాశాడు. తాను విశ్రాంతి తీసుకుంటున్నాననీ, తన గదీ, కాగితాలు కోసే మిషనూ ఆమెకు అద్దెకిస్తాననీ, ఇష్టమైతే పోస్టులో జవాబు రాయమనీ. ఆమె పదకొండు రోజులు ఆలోచించి, ఒక పొద్దున ఒప్పుకుంటూ రాసింది.

"సాయంత్రం వేస్తాలెండి, అత్తయ్యా."

"నీ సాయంత్రాల సంగతి నాకు తెలీదా!" అంటూ అత్తగారు కవరు లాక్కుని, మోకాళ్ల నొప్పులతోనే ఎండలో బయల్దేరింది.

ఆవిడ ఇంకా తిరిగి రాకముందే, పదకొండున్నరకి, పెద్దాయన ఫోను చేశాడు.

"అమ్మాయీ, ఏమీ అనుకోకు. ఆ గది కావాలని మా అల్లుడు పట్టుబట్టాడు. నేను రాసింది మర్చిపో."

కోడలు మారు మాట్లాడకుండా ఫోను పెట్టేసి బావురుమంది.

అత్తగారు వచ్చి సంగతంతా విని, ఒక్కటే అడిగింది. "నువ్వేమన్నావు? సరేలెండి అన్నావా?"

"ఏమీ అనలేదు. ఏడుపొచ్చి పెట్టేశాను."

"బతికించావు! సరే అనుంటే నువ్వే వదులుకున్నట్టయ్యేది. నీ ఏడుపు ఇన్నాళ్లకి అక్కరకొచ్చిందే. ఉత్తరం పదింటికి రిజిస్టరు చేశాను, ఇదిగో రసీదు. పోస్టులో జవాబివ్వమన్నది ఆయనే కదా. అది మన చెయ్యి దాటి పోస్టులో పడిన క్షణమే ఒప్పుకున్నట్టు లెక్క. ఇక ఆయన వెనక్కి పోవడానికి లేదు. ఉత్తరం ఆయనకి అందేలోపు మాట మార్చుకునే వీలు నీకు మాత్రమే ఉంది. ఇలాంటి తగువుల్లో ముద్ర మీది టైము కోసం ఎంతమంది లాయర్లు మా కౌంటరు చుట్టూ తిరిగారనుకున్నావ్?"

కోడలు ఫోను కలిపింది. "బాబాయిగారూ, మా అత్తయ్య పదింటికే ఉత్తరం వేసేశారండీ."



"పదింటికా? నేను చేసింది పదకొండున్నరకి," అన్నాడాయన. "అయితే గది నీదేనమ్మా. నిజం చెప్పనా? అల్లుడికి కాదని చెప్పలేకపోయాను. వాడు ఆ మిషను తూకానికి అమ్మేస్తానన్నాడు. ఇప్పుడు నా చేతుల్లో లేదని చెప్తాను. నన్ను గట్టెక్కించావు తల్లీ."

ఫోను పెట్టాక కోడలు ఆ రసీదు మీది టైము మళ్లీ చూసుకుంది. సాయంత్రం దాకా ఆగి ఉంటే అంతా అయిపోయేది. పద్దెనిమిదేళ్లుగా ఈ తొందర మనిషిని లోలోపల తిట్టుకోని రోజంటూ లేదు. నూనె గిన్నె తెచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, వాచిన మోకాలికి రాయడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, మీ మేలు జన్మలో మర్చిపోను. మిమ్మల్ని మనసులో చాలా తిట్టుకున్నాను."

"తెలుసులే," అంది అత్తగారు కళ్లు మూసుకుని. "ఆ రెండో కాలికి కూడా రాయి."